రహస్యాలు మేసిన పోతు

ఆ రోజు పెద్ద డైరెక్టరుగారికి పునుగుల మీద మనసు పోకుండా ఉంటే ఈ రాష్ట్రంలో ఏ మేకకీ సర్కారు కొలువు దొరికేది కాదు.

ఆయన సాయంత్రం పూట కారు ఆపించి, రోడ్డువార బండి దగ్గర పునుగులు తెప్పించుకుని, వెనక సీట్లో కూర్చుని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటుంటే, అడుగున పొట్లం కాగితం మీద తన పేరు కనిపించింది. అల్లప్పచ్చడి వేలితో తుడిచి చూశారు. తన పైఅధికారి తన గురించి సర్కారుకి రాసిన గుప్త నివేదిక. "మనిషి మంచివాడే గాని" అన్నంతవరకూ ఉంది. ఆ తర్వాతది నూనె తాగేసింది. "గాని" తర్వాత ఏముందోనని ఆయన బండిలో ఉన్న పొట్లాలన్నీ కొన్నారు. కొన్నందుకు తిన్నారు. మిగతా ముక్క దొరకలేదు. మర్నాడు కడుపునొప్పితో సెలవు పెట్టి, ఆ సెలవులో మంచం మీద దొర్లుతూ ఒక ఉత్తర్వు రాశారు.

"కార్యాలయములందు ఉత్పన్నమగు రహస్య వ్యర్థములను సురక్షితముగా నిర్మూలించవలెను. నెలనెలా ఎన్ని కిలోలు నిర్మూలించినదీ తెలుపవలెను. నిర్మూలించనియెడల, ఏల నిర్మూలించలేదో అది రహస్యముగా తెలుపవలెను."

ఆ ఉత్తర్వు ఊళ్లు తిరిగి తిరిగి గుర్రాలపేటలో ఉన్న తాటి ఉత్పత్తుల సమన్వయ కార్యాలయానికి వచ్చింది. తాటిచెట్టు తనంతట తానే మొలుస్తుంది, తనంతట తానే కాస్తుంది. గీసేవాడు గీసుకుంటాడు, తినేవాడు తింటాడు. ఈ మధ్యలో సమన్వయం ఎక్కడ చెయ్యాలో తెలియక ఆ ఆఫీసు పుట్టిన నాటినుంచీ వెతుక్కుంటూనే ఉంది. వరండాలో ఒక అద్దాల బీరువా, అందులో ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు ముట్టుకుని పెట్టిన తాటిబెల్లం దిమ్మ. ఆఫీసు లోకానికి చూపించిన సరుకంతా అదే. మొదట్లో చీమలు వచ్చి బీరువా చుట్టూ తిరిగేవి. లోపలికి దారి లేదని తెలిశాక అవి కూడా పక్కనున్న పశువైద్యశాలకి మారిపోయాయి.

ఆ ఆఫీసుకి హెడ్ క్లర్కు బెండి కూర్మారావు. ఉత్తర్వు చదివి, "రహస్య వ్యర్థములు: లేవు" అని రాసి పంపేశాడు. నిజం రాస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచించడానికి అతని బుర్ర అప్పట్లో ఆఫీసులో లేదు, కళ్లల్లో ఉంది.

నిరుడు కూర్మారావుకి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి. పెద్దాసుపత్రిలో సూదులు వేశారు, పక్క ఊళ్లో పసరు పోశారు, అయినా తగ్గలేదు. అప్పుడతని పెళ్లాం ఆదెమ్మ ఒక మేకపిల్లని తెచ్చి, నుదుట బొట్టు పెట్టి, మెడలో వేపమండ కట్టి, మా ఇంటాయన కళ్లు తెల్లబడితే వచ్చే పండక్కి ఈ పోతు నీదే అని అసిరితల్లి పేరు చెప్పి ఊరిమీద వదిలేసింది. కళ్లు తెల్లబడ్డాయి. సూదివల్లనని డాక్టరు, పసరువల్లనని పసరాయన ఎవరికి వాళ్లే చెప్పుకున్నారు. ఆదెమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. కూర్మారావుకి అసలే లేదు. పోతు అమ్మవారికి ముట్టేదాకా ఈ తెలుపు తనది కాదని, పండగ తప్పిందంటే పసుపు తిరిగొచ్చేస్తుందని అతని గట్టి నమ్మకం. చొక్కా జేబులో చిన్న గుండ్రటద్దం పెట్టుకుని, గుర్తొచ్చినప్పుడల్లా తీసి కళ్లు చూసుకునేవాడు. గుర్తు రాని గడియ ఉండేది కాదు.

అమ్మవారికి వదిలిన పోతుని ఆ ఊళ్లో ఎవరూ కొట్టరు, కట్టరు, అదిలించరు. అది మునగ కంచెలు మేసింది, ఎండబెట్టిన వడియాలు మేసింది, గోడమీద సినిమా బొమ్మలు హీరోయిన్‌తో సహా మేసింది. ఒకసారి బజార్లో నిలబడిన ఇన్‌స్పెక్టరుగారి బెల్టు నమిలితే, ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో దండం పెట్టాడు. అంత మర్యాద దానికి.

కూర్మారావు రాసిన "లేవు" అనే ముక్కకి పైనుంచి జవాబు వచ్చింది. "రహస్యమే లేని కార్యాలయము ప్రభుత్వమునకు ఏల? అట్టి కార్యాలయమును మూసివేయరాదని భావించినచో కారణములు చూపవలెను." ఆ కాగితం వెనకే, కారణాలు చూపడానికి, ప్రత్యేకాధికారి యలవర్తి భుజంగరావుగారు కూడా దిగిపోయారు.

భుజంగరావుగారు మాట్లాడితే గాలిలో ముద్ర పడ్డట్టుండేది. వచ్చిన పూటే సిబ్బందిని నిలబెట్టి చెప్పారు.

"రహస్యం అనేది ఉండేది కాదు, గుర్తించబడేది. ఇన్నాళ్లూ గుర్తించబడలేదు కనుక లేదు. నేటి నుండి గుర్తించబడుతుంది కనుక ఉంటుంది."

గుర్తించడం మొదలైంది. హాజరు పట్టీ రహస్యం, ఎవరెవరు రావడం లేదో శత్రువులకి తెలుస్తుంది కనుక. గోడ మీద క్యాలెండరు రహస్యం, ఆఫీసు ఏ తేదీలో పనిచేస్తున్నదీ తెలుస్తుంది. టీ తాగి పారేసిన కాగితం కప్పులు రహస్యం, ఎవరికి నిద్ర వచ్చిందో తెలుస్తుంది. అటెండరు డిల్లేసు చేతికి "రహస్యం" అన్న రబ్బరు ముద్ర ఇచ్చారు. డిల్లేసు ఉత్సాహవంతుడు. ముద్రకి కాగితాలు చాలక కుర్చీలకి వేశాడు, ఫ్యాను రెక్కలకి వేశాడు. కునికిపాట్లు పడుతున్న గుమాస్తా నుదుటి మీద వేస్తే, అతను ఇంటికెళ్లాక పెళ్లాం సంగతేమిటని అడిగింది. చెప్పడానికి వీల్లేదన్నాడు. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

అంతకుముందు ఆఫీసు చెత్తకాగితాలన్నీ మలుపులో గవరమ్మ బజ్జీల బండికి వెళ్లేవి. అవి ఆగిపోయేసరికి గవరమ్మ వచ్చి, మరి బజ్జీలు దేంట్లో కట్టాలని నిలదీసింది. బజ్జీలను కట్టకుండా నేరుగా వినియోగదారుని నోటికి బట్వాడా చెయ్యవలసిందిగా భుజంగరావుగారు సలహా ఇచ్చారు.

ఇప్పుడు గదినిండా రహస్యాలే. వాటిని నిర్మూలించాలి. ముందుగా కాగితాలు చీల్చే మిషను తెప్పించారు. అది కాగితాన్ని సేమ్యాలా చీల్చి పోసింది. అందరూ సంతోషించారుగాని భుజంగరావుగారికి అనుమానం వచ్చింది. ఈ పీలికలను ఎవరైనా అంటించుకుంటే? సంగతి తేల్చడానికి సిబ్బంది అందరికీ గోందు సీసాలిచ్చి కూర్చోబెట్టారు. ఆ ఆఫీసులో ఇంకో పని లేదు కనుక అందరూ దీక్షగా అంటించారు. చివరికి కాగితం యథాతథంగా తయారైంది. అసలుదాంట్లో ఉన్న అక్షరదోషాలు కూడా అంటించేటప్పుడు సరిపోయాయని డిల్లేసు చెప్పుకున్నాడు. మిషను నమ్మదగనిదని తేలి, దానికి కూడా ముద్ర వేసి మూల పెట్టారు.

తర్వాత కాల్చారు. పొగ లేచి గోడ దాటింది. ప్రవేశపత్రం లేకుండా రహస్యాలు గోడ దాటుతున్నాయని భుజంగరావుగారు నెత్తి పట్టుకున్నారు. ఆ పొగ పోయి పోయి పశువైద్యశాలలో దూరితే, అక్కడి డాక్టరు దగ్గాడు. ఏం తెలిసి దగ్గాడో కనుక్కు రమ్మని డిల్లేసుని పంపించారు.

ఆ సమయంలోనే పోతు వచ్చింది.

కూర్మారావు రోజూ దానికి అరటితొక్కలు పెట్టేవాడు. తన కళ్లు దాని దగ్గరే ఉన్నాయి కనుక దాన్ని బాగా చూసుకునేవాడు. ఆ రోజు తొక్కలు ఆలస్యమయ్యేసరికి అది తిన్నగా లోపలికొచ్చి, భుజంగరావుగారి బల్లమీద "అత్యంత రహస్యం" అని ఎర్రసిరాతో రాసిన కాగితాల కట్టని కట్టిన దారంతో సహా తినేసింది. తిని, ఆయన మొహంలోకి చూస్తూ నెమరు వేసింది.

భుజంగరావుగారు లేవలేదు, అరవలేదు. చాలాసేపు పోతు దవడలు కదలడం చూశారు. తర్వాత మెల్లిగా అడిగారు.

"కూర్మారావుగారూ, ఇది తిన్నదాన్ని ఎవరైనా అంటించగలరా?"

"నేదండి."

"పొగ?"

"రాదండి. వొస్తే వెనకనుంచి వొస్తాదిగానీ, దాన్ని ఎవులూ సదవలేరు."

అంతే. ఆ మధ్యాహ్నమే పోతుని "జీవ నిర్మూలన విభాగం"గా గుర్తిస్తూ కాగితం తయారైంది. తయారైన కాగితం కూడా రహస్యమే కనుక దాన్నీ పోతుకే పెట్టారు. పోతు పెంటికల విషయంలో మాత్రం కొంత చర్చ జరిగింది. వాటిమీద అక్షరాలేమైనా మిగిలాయేమోనని డిల్లేసు భూతద్దంతో పరీక్షించాడు. ఒకదాని మీద సున్న ఉన్నట్టుంది బావూ అన్నాడు. ఎందుకైనా మంచిదని అన్నిటినీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎరువుకి అడగడానికొచ్చిన వంకాయల రైతుని గూఢచారిగా అనుమానించి పేరు రాసుకుని, ఆ రాసుకున్నది పోతుకి పెట్టారు.

నెలాఖరుకి కిలోలు కిలోలు చూపించారు. పైనుంచి మెప్పు వచ్చింది. మూసివేత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మెప్పు రుచి తెలిశాక భుజంగరావుగారికి నిద్ర పట్టలేదు. పడుకుని ఆలోచించి, పొద్దున్నే సిబ్బందిని మళ్లీ నిలబెట్టారు.

"మన విధానంలో ఒక లోపం ఉంది. కాగితాన్ని మనం చదివిన తర్వాత నిర్మూలిస్తున్నాం. చదివినది బుర్రలో మిగులుతోంది. బుర్రను నిర్మూలించే అధికారం నాకు ఇంకా దఖలుపడలేదు. కావున నేటి నుండి ప్రతి కాగితమూ చదవకముందే నిర్మూలించబడును."

ఆ రోజు నుంచి టపా వచ్చిందంటే వచ్చినట్టే కాటాలో పడేది, బరువు చూసుకునేవారు, పోతు ముందు పెట్టేవారు. విశేషమేమిటంటే ఆఫీసు పనిలో వెంట్రుకవాసి తేడా రాలేదు. ఎప్పటిలాగే సాగింది. పైవాళ్లు ఈ పద్ధతి విని ముచ్చటపడి, అన్ని కార్యాలయాలవాళ్లూ దీన్నే పాటించాలని ఆదేశం పంపారట. పంపారని చెప్పుకోవడమే గాని చదివినవాళ్లెవరూ లేరు.

ఇలా ఉండగా అసిరితల్లి పండగ దగ్గరపడింది.

ఆదెమ్మ పోతుకి పసుపునీళ్లు పోయించి తీసుకురమ్మంది. కూర్మారావు వెళ్లి భుజంగరావుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొక్కు సంగతంతా చెప్పుకున్నాడు. జేబులో అద్దం కూడా తీసి చూపించాడు. భుజంగరావుగారు విన్నారు, విని తల అడ్డంగా ఊపారు. ఆ పోతు కడుపులో ఒక కార్యాలయం మొత్తం ఉందనీ, దాన్ని బయటకి విడుదల చెయ్యడమంటే దస్తావేజుల గది తలుపులు తీసి బజార్లో పెట్టడమేననీ అన్నారు.

"అమ్మవారికేనండి ఇస్తాం, అన్యులకి కాదు" అన్నాడు కూర్మారావు.

"రహస్య వ్యర్థాలను స్వీకరించేవారు తగిన హోదా కలిగి ఉండాలి. ఆవిడ హోదా ఏమిటి?"

"ఊరిదేవతండి."

"గ్రామస్థాయి" అని భుజంగరావుగారు నిట్టూర్చారు. "చాలదు."

అయినా ఆయన కాదని తోసేసే మనిషి కాదు. అర్హత విచారణకి ఒక నమూనా పత్రం ఇచ్చారు. కూర్మారావు దాన్ని ఇంటికి తీసుకెళ్లి దీపం ముందు కూర్చుని నింపాడు. స్వీకర్త పేరు, అసిరితల్లి. వృత్తి, కాపాడుట. శాశ్వత చిరునామా, కాలవగట్టు. నేరచరిత్ర దగ్గర ఆగిపోయాడు. కలరా రోజుల్లో ఆవిడకి కోపమొచ్చి ఊరు సగం ఖాళీ చేయించిందని ముసలాళ్లు చెప్పుకుంటారు. అది రాయాలా వద్దా అని ఆదెమ్మని అడిగాడు. ఆదెమ్మ ఆ కాగితం లాక్కుని చూసింది.

"ఏటండీ, ఆ తల్లికి బుద్ధి నేక మీ కళ్లు బాగుసేసిందేటి" అంది. "పోతు రావాల. రాపోతే నాను ఆపీసుకొస్తాను. అప్పుడు ఎవుల హోదా ఎంతో తెలుస్తాది."

పత్రం వెళ్లింది. భుజంగరావుగారు విచారణ జరిపించారు. డిల్లేసు కాలవగట్టు మీద నలుగుర్ని అడిగొచ్చి ఒక భయంకరమైన విషయం చెప్పాడు. పండగనాడు అసిరితల్లి ఎండుచేపలమ్మే నూకమ్మ మీదికి వస్తుందట. వచ్చి, ఎవరింట్లో ఏం జరుగుతున్నదీ జనం మధ్యలో బయటపెట్టేస్తుందట. నిరుడు కరణంగారి కోడి ఎవరి కుండలో ఉడికిందీ చెప్పేసిందట.

భుజంగరావుగారి మొహం పాలిపోయింది. అంటే ఈ పోతు ఆవిడకి ముట్టిన మరుక్షణం, దాని కడుపులో ఉన్నదంతా మైకు లేకుండానే ఊరంతటికీ వినబడుతుంది. పత్రం మీద "స్వీకర్తకు విషయమును దాచుకొను అలవాటు లేదు. తిరస్కరించడమైనది" అని రాసి పోతు ముందు పెట్టారు.

పండగ రోజున కూర్మారావు అద్దంలో చూసుకుంటే కుడికన్ను మూల పచ్చగా ఉన్నట్టనిపించింది. తలుపు పక్కన పసుపుచీర ఆరేసి ఉంది, దాని నీడ పడిందని ఆదెమ్మ అంది. అతనికి వినబడలేదు. ఒంటిమీద చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాడు.

అక్కడ పోతు లేదు. దాన్ని కట్టకూడదన్న ఊరి కట్టడి డిల్లేసు తప్పలేదు. డప్పులు వినబడగానే అది గేటు దాటి కాలవగట్టు దారి పట్టింది. దాని వెనక భుజంగరావుగారు ఒక చేత్తో తాళాల గుత్తి, ఒక చేత్తో "అనుమతి లేనివారు సమీపించరాదు" అన్న అట్ట పట్టుకుని రొప్పుతూ పరుగెడుతున్నారు. కూర్మారావు వాళ్ల వెనక. సన్నాయివాళ్లు ఇదో కొత్త ఊరేగింపు అనుకుని వాళ్ల ముందు చేరి వాయించుకుంటూ తీసుకెళ్లారు.

గుడి ముందు నూకమ్మ అప్పటికే ఊగుతోంది. జుట్టు విరబోసుకుని, చేతిలో వేపకొమ్మ పట్టుకుని, ఎవరిదో దొంగతనం ఎవరిదో మోసం బయటపెడుతోంది. పోతు తిన్నగా పోయి ఆవిడ ముందు నిలబడింది. భుజంగరావుగారు మధ్యలోకి జొరబడి అట్ట అడ్డుపెట్టారు. నూకమ్మ అట్ట పక్కకి నెట్టి, పోతు పొట్టమీద అరచెయ్యి వేసింది. డప్పులు ఆగిపోయాయి.

"ఒరే కూర్మిగా. నా పోతుకి ఏటెట్టినావురా?"

కూర్మారావు నేలమీద పడ్డాడు. "కాయితాలమ్మా. నా సేతుల్ల నేదు తల్లీ. సర్కారోల్లది."

"దీని కడుపుల ఏటున్నాదో సెప్పనా?"

"అమ్మా" అన్నారు భుజంగరావుగారు. "అది తమరి హోదాకు మించిన విషయం. చెప్పదలుచుకుంటే రాతపూర్వకంగా, సీలు చేసి—"

"ఏటీ నేదు" అంది నూకమ్మ. ఊరు ఊరంతా విన్నది. "ఆ కాయితాల్ల ఏటీ నేదు. ఆ బీరువాల్ల ఏటీ నేదు. ఆ ఆపీసులనే ఏటీ నేదురా."

భుజంగరావుగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ శాఖ ఇన్నేళ్లుగా దాచుకుంటున్న ఒకే ఒక్క రహస్యం వేలమంది ముందు బయటపడిపోయింది.

వెనకనుంచి గవరమ్మ గొంతు వినబడింది. "ఓలమ్మ, ఇదేటి? ఇది మనకి ముందే తెలుసు గదా" అని. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. సన్నాయాయన కూడా అవునన్నాడు.

నూకమ్మ పోతు మూతి దగ్గర వాసన చూసి మొహం చిట్లించింది. "సిరా కంపు. కాయితం తిన్న పోతుని నాను ముట్టనురా. దాని కడుపు కాళీ అయినాక తే. అందాకా నీ కళ్లు నా పూచీ." అని వెనక్కి విరుచుకు పడిపోయింది. ఎవరో నీళ్లు తెచ్చారు. లేచాక నూకమ్మకి ఏమీ గుర్తులేదు, ఆకలేస్తోందంది.

కూర్మారావు అద్దం తీశాడు. రెండు కళ్లూ మల్లెపూలు. అక్కడే కూర్చుని, పండక్కి వచ్చిన ఆదెమ్మతో కలిసి లెక్క వేసుకున్నాడు. పోతు కాగితం తింటున్నంతకాలం దాని కడుపు ఖాళీ కాదు. ఖాళీ కానంతకాలం తన కళ్లు అమ్మవారి పూచీ. పైగా ఇన్నాళ్లూ అరటితొక్కలు పెట్టిన చేతులకి దాన్ని అప్పగించే పని కూడా తప్పింది. ఇంతకన్న మనిషికి ఏం కావాలి. కావలసిందల్లా ఒకటే, ఆ ఆఫీసు చల్లగా ఉండాలి, రోజూ టపా రావాలి. కొలువులో చేరిన ఇన్నేళ్లలో మొదటిసారిగా కూర్మారావుకి తన ఆఫీసు బాగుండాలన్న కోరిక పుట్టింది.

భుజంగరావుగారు నియమం తప్పని మనిషి. శాఖ రహస్యం ఒకటి దేవతాముఖంగా వెల్లడైందని పైకి నివేదిక పంపేశారు. ఏ రహస్యమో కూడా రాశారు.

కొన్నాళ్లకి లక్క ముద్రలు వేసిన పొడుగాటి కవరు వచ్చింది. దానిమీద ఎర్రసిరాతో "అత్యంత రహస్యం" అని రెండుసార్లు రాసి ఉంది. కాటా దగ్గరికి తీసుకెళ్తూ కూర్మారావు కిటికీ పక్కన ఆగాడు. ఎండ మంచిగా కాస్తోంది. ఎప్పుడూ చెయ్యని పని చేశాడు, కవరుని ఎండకి ఎత్తిపట్టాడు. లోపల మడతల మీద మడతలు, అక్షరాలు అక్షరాల మీద పడి ఉన్నాయి. ఒకే ఒక్క మాట చక్కగా కనిపించింది. "మూసివేయడమైనది."

కవరు దించి, కళ్లు మూసుకున్నాడు. ఎందుకో ఆ కళ్లు మండినట్టనిపించింది.

భుజంగరావుగారు కవరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఆయన మొహంలో ఆశ కనిపించింది. పదోన్నతి అయ్యుండవచ్చు. చించబోయి ఆగారు, మళ్లీ చించబోయారు. కూర్మారావు వినయంగా దగ్గి, తమరి విధానమే గదండీ, చదవకముందే అని గుర్తుచేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "విధానం విధానమే" అని కవరు ఇచ్చేశారు.

పోతు ముందు పెట్టారు. అది వాసన చూసి, మొహం తిప్పుకుంది.

పండగలో జనం దానికి పనసాకులు మేపారు. ఆ రుచి తగిలాక కాగితం మీద మనసు విరిగింది. కూర్మారావు కవరుని మూతికి రాశాడు, గడ్డం పట్టుకుని బతిమాలాడు, నీ కడుపు సల్లగుండ తినవే అన్నాడు. లేదు. భుజంగరావుగారు, ఇది ఒక సూచన కావచ్చు, చించి చదవమని ప్రకృతి ఆదేశమేమో అంటూ చెయ్యి చాచారు.

అప్పుడు కూర్మారావు చూపు వరండాలో అద్దాల బీరువా మీద పడింది. తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒక్క గుద్దు గుద్దాడు. అద్దం పగిలింది. మంత్రిగారు ముట్టుకున్న తాటిబెల్లం దిమ్మ రాయిలా ఉంది. డిల్లేసు దాన్ని నేలకేసి కొట్టి, చెంచాడు నీళ్లు పోసి నూరాడు. ఇద్దరూ కలిసి కవరుకి రెండు వైపులా, లక్కముద్రల మీద కూడా, మందంగా పూశారు. తాటి ఉత్పత్తుల సమన్వయ కార్యాలయం తాటి ఉత్పత్తిని వాడడం అదే మొదలు. దేనితో సమన్వయం చెయ్యాలో కూడా ఆ రోజే తెలిసింది.

పోతు నాకింది. మళ్లీ నాకింది. తర్వాత మూల కొరికి, లక్కతో సహా, మెల్లిగా, ఇష్టంగా తినేసింది.

సాయంత్రం ప్రధాన కార్యాలయం నుంచి ఫోను. భుజంగరావుగారు నిలబడి మాట్లాడారు. అవును, ఉత్తర్వు అందింది. అవును, సురక్షితంగా నిర్మూలించబడింది. లేదండి, చదవలేదండి. అవతలి పెద్దమనిషి కొంచెం మొహమాటంగా అడిగాడట, పోనీ అందులో ఏముందో మీకేమైనా అంచనా ఉందా అని. మా దగ్గరున్న నకలు కూడా అదే రోజు నిర్మూలించేశాం, సంతకం పెట్టినాయన చదవకుండా పెట్టారు, టైపు కొట్టినమ్మాయి సెలవులో ఉంది, ఆ అమ్మాయికి కూడా గుర్తుండదు, ఏమని అమలు చెయ్యాలో తెలియక అడుగుతున్నాం అన్నాడట. భుజంగరావుగారు, ఏ విషయమూ తెలియనప్పుడు యథాతథస్థితి కొనసాగించడం ఉత్తమం అన్నారు. సరే అలాగే కానివ్వండి, బరువెంత అన్నాడు అవతలాయన.

"బెల్లంతోనా, లేకనా?" అన్నారు భుజంగరావుగారు.

ఆ ఆఫీసు ఇప్పటికీ ఉంది. గుర్రాలపేటలో బస్సు దిగి తాటాఫీసు అంటే ఎవరైనా చూపిస్తారు. లోపలికి మాత్రం రానివ్వరు. బెల్లం దిమ్మలు నెలనెలా కొంటారు, కొన్న రసీదులు పోతు తింటుంది.

కవరులో ఏముందో కూర్మారావు ఎవరికీ చెప్పలేదు, తన కడుపులోనే దాచుకున్నాడు. ఆదెమ్మకి చెప్పలేదు, డిల్లేసుకి చెప్పలేదు. ఆ కార్యాలయం చరిత్రలో నిజమైన రహస్యం అదొక్కటే. పొద్దుటే పోతుకి టపా పెట్టేటప్పుడు మాత్రం కొంచెం భయంగా ఉండేది. అది నెమరు వేస్తూ అతని పొట్ట వైపే చూసేది.